లెక్కల సారు కాలరు

రిటైరైన మగవాడు ఇంట్లో ఏదో ఒకదాని మీద పడక తప్పదు. కొందరు పెరట్లో చెట్ల మీద పడతారు, కొందరు కోడళ్ళ మీద, కొందరు వాట్సాప్ మీద. నేను మా ఆమె కుట్టు మిషను మీద పడినాను.

మాది వీరపునాయునిపల్లె. ఎర్రగుంట్ల నుంచి వేంపల్లెకు పోయే రోడ్డులో ఉంటుంది. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఏళ్ళ తరబడి పిల్లకాయలకు లెక్కలు చెప్పినాను. అంతకాలమూ మా ఆమె వరండాలో తొక్కుడు మిషను వేసుకొని ఊరి ఆడవాళ్ళకు రైకలు కుట్టింది. ఆ చప్పుడు వింటూనే నేను పరీక్ష పేపర్లు దిద్దినాను గానీ, అక్కడ ఏం జరుగుతాందో ఒక్కనాడూ తొంగి చూసిన పాపాన పోలేదు. గుడ్డ కోస్తారు, కుడతారు, ఇంకేముంది అనుకునేవాణ్ణి. చొక్కా అయితే మరీ సులభమని నా లెక్క. కొన్ని దీర్ఘచతురస్రాలు, రెండు ట్రెపీజియాలు, రెండు గొట్టాలు. జామెట్రీ తెలిసినోనికి టైలరుతో పనేముంది?

పైగా నాకు కారణం కూడా ఉంది. నా మెడ లావు, భుజాలు చిన్నవి. రెడీమేడ్ చొక్కాల్లో మెడకు సరిపోయేది తీసుకుంటే భుజాలు మోచేతుల దాకా జారతాయి, భుజాలకు సరిపోయేది తీసుకుంటే పై గుండీ పెట్టగానే ఊపిరాడదు. మా కడప జిల్లాలో ఇది చిన్న సమస్య కాదు. ఇక్కడ తెల్లచొక్కా వేసుకున్నోని మాటకు ఎంత విలువ ఇయ్యాల్నో ఆ చొక్కా కాలరు చూసి తేలుస్తారు. కాలరు నిటారుగా ఉంటే పంచాయితీలో కుర్చీ వేస్తారు. వాలిపోయి ఉంటే, "సార్, అట్ల పక్కన కూర్చోండి" అంటారు. పక్కన కూర్చోవడంలో నాకు అప్పటికే చాలా అనుభవం వచ్చింది.

కాబట్టి నా చొక్కా నేనే కుట్టుకుంటానని ప్రకటించి ప్రొద్దుటూరు బస్సెక్కినాను.

ప్రొద్దుటూరంటే బంగారానికీ బట్టలకూ పేరుపడిన ఊరు. రెండో బొంబాయి అంటారు మావాళ్ళు. అక్కడ బట్టల అంగట్లో నేను చేసిన ఖర్చు చూస్తే మీరు ముచ్చటపడతారు. మంచి తెల్ల కాటన్, మీటరు 400 రూపాయలు, రెండున్నర మీటర్లు. బేరమే ఆడలేదు. ఆ ఊపులోనే టైలరింగ్ సామాన్ల అంగడికి పోయినాను. గోడ పొడుగునా దారం రీళ్ళు, జిప్పులు, హుక్కులు, లైనింగు తానులు.

"ఏం కావల్ల సార్?"

"కాన్వాసు."

"దేనికి?"

"చొక్కాకు."

"చొక్కాలో దేనికి సార్? కాలరుకా, కఫ్‌లకా, ముందు పట్టీకా?"

ఈ ప్రశ్న నేను చదువుకున్న సిలబస్‌లో లేదు. "అన్నిటికీ," అన్నాను.

"పేస్టింగా, కుట్టేదా? కాటనా, పేపరా?"

"ఏది ఎంత?"

అంగడాయన ఇంకేమీ అడగలేదు. నన్నొకసారి కింద నుంచి పైకి చూసి, చెయ్యి పెట్టబోయిన తాను వదిలేసి, మూలనున్న వేరే తాను తీసి నా ముందు పరిచినాడు. అదే అన్నిటికన్నా చౌక. దాని మీద కూడా ఐదు రూపాయలు తగ్గించమని అడిగినాను. తగ్గించినాడు. వెయ్యి రూపాయల గుడ్డకు నోరెత్తని నేను, లోపల వేసే ఆ ముక్కకు ఐదు రూపాయలు మిగిలించి, బస్సులో కిటికీ పక్కన సీటు కూడా దొరికేసరికి ఆ రోజు నాదే అనుకుంటా ఇంటికొచ్చినాను.

మా ఆమె తెల్ల గుడ్డను చూడనే లేదు. సంచిలోంచి కాన్వాసు తీసి, ఒక కొనను పిడికిట్లో గట్టిగా నలిపి, కాసేపు అట్లనే పట్టుకొని వదిలింది. నలిగిన చోట తెల్ల గీతలు పడి అట్లనే ఉండిపోయినాయి. తర్వాత తన రేకు పెట్టెలోంచి ఒక ముక్క తీసింది. దాన్నీ అట్లనే నలిపింది. అది మెల్లగా విచ్చుకొని చాపుకుంది. రెంటినీ కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఆమె ముక్కలో నిలువు పోగు, అడ్డం పోగు స్పష్టంగా కనపడతాండాయి. ఒక వైపు జిగురు చుక్కలు వరుసగా, సమానంగా ఉన్నాయి. నా దాంట్లో పోగే లేదు. జిగురు ఒకచోట ముద్దగా, ఇంకోచోట అసలు లేకుండా ఉంది.

"ఇది దేనికి తెచ్చినావయ్యా?"

"కాలరుకు."

"సంచులకు వేద్దాంలే," అని మడిచి పెట్టేసింది.

నేను ఊరుకుంటానా? ఇద్దరి ముక్కలకూ తేడా ఏముంది, కాలరు లోపల ఎవడు చూస్తాడు అని వాదించినాను. ఎవరూ చూడరనే ఆ అంగడాయన నాకది అంటగట్టినాడని ఆమె అనింది. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తాంటే సంచుల పెట్టెలోంచి ఆ కాన్వాసు తీసి పని మొదలుపెట్టినాను.

కోయడం బ్రహ్మాండంగా జరిగింది, అది జామెట్రీ కదా. అతికించడం దగ్గరే వచ్చింది తంటా. ఈ పేస్టింగ్ కాన్వాసుకు ఒక వైపు జిగురుంటుంది. చెయ్యి పెడితే గరగర తగులుతుంది, వెలుతురులో తళతళమంటుంది. ఆ వైపు గుడ్డకు ఆనాల. నేను ఆ తళతళను చూసి అదే మంచి వైపనుకొని పైకి పెట్టినాను. ఇస్త్రీ పెట్టె ఆనించగానే జిగురంతా పెట్టెకు అంటుకొని, పెట్టె కాన్వాసుకు అంటుకొని, లాగితే మొత్తం చాప లేచొచ్చింది. వాసనకు మా ఆమె లేచొచ్చింది.

ఇస్త్రీ పెట్టె అడుగు శుభ్రం చేసేదానికి ఊళ్ళో అందరికీ తెలిసిన వైద్యమొకటి ఉంది. పెట్టె బాగా వేడెక్కినాక జ్వరం బిళ్ళను, అదే పారాసెటమాల్‌ను, పట్టకారుతో పట్టుకొని జిగురు మీద రుద్ది, వెంటనే పాత గుడ్డతో తుడిచేయాల. పొగొస్తుంది కాబట్టి కిటికీ తీసి పెట్టుకోవాల. పెట్టెకైతే నయమైంది. ఆ రాత్రి నాకు ఒళ్ళు వెచ్చబడితే ఇంట్లో బిళ్ళ లేదు.

రెండో కాలరుకు వైపు సరిగ్గానే పెట్టినాను. ఇస్త్రీ అంటే రుద్దడమే కదా అని అటూ ఇటూ తోమినాను. అది ఎండాకాలం మధ్యాహ్నం. మా ఊళ్ళో ఆ వేళకు ఓల్టేజీ ఎట్లుంటాదంటే ఫ్యాను తిరుగుతాందో లేదో చూడాలంటే కింద నిలబడి రెక్కలు లెక్కపెట్టొచ్చు. పెట్టె వేడెక్కేదే ఆలస్యం, తడిగుడ్డ పరిచి ఆనిస్తే అంతలోనే చల్లబడుతుంది. అయినా అతుక్కుందనే అనిపించింది. చొక్కా పూర్తయింది. వేసుకొని ఊరంతా ఒక చుట్టు తిరిగినాను. ఎవరూ ఏమీ అనలేదు. అది మెచ్చుకోలేనని సరిపెట్టుకున్నాను.

ఉతుకుడు రాయి మీద ఆ చొక్కా మొదటిసారి దెబ్బలు తిన్నాక అసలు సంగతి బయటపడింది. కాన్వాసు అక్కడక్కడా ఊడి, గుడ్డ ఉబ్బి, కాలరు పొడుగునా బుడగలు లేచినాయి. కొట్టంలో బర్రెకు గడ్డి వేస్తున్న పక్కింటాయన నన్ను చూసి ఆగిపోయినాడు. "ఏం సారూ, కాలరుకు గవదబిళ్ళలు లేచినట్లుండాయే!"

అప్పుడు పౌరుషం వచ్చింది. పలచనిది పెడితే బుడగలొస్తాయా, అయితే మందంది పెడదామని ఇంకో చొక్కా కోసి, దానికి కోటులకు వేసే బక్రం తెచ్చి పెట్టినాను. నీళ్ళలో నానబెట్టకుండానే. కాటన్ కాన్వాసును ముందు నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, అప్పుడు కోయాల. లేకుంటే మొదటి ఉతుకుడుకు అది లోపల ముడుచుకొని, బయటి గుడ్డ వదులై, కాలరు సొట్టలు పోతుంది. ఇది నాకు ఆ చొక్కాతో ఎర్రగుంట్లలో ఒక పెండ్లికి పోయొచ్చినాక తెలిసింది. పెండ్లిలో తెలిసింది వేరే. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే తల తిరగలేదు, నడుము దగ్గర నుంచి మనిషి మొత్తం తిరగాల్సి వచ్చింది. వంగి భోంచేయలేక సాంబారు గడ్డానికి తగలకుండా ఎత్తుగా పోసుకున్నాను. ఆ రోజు నాకు కుర్చీ మాత్రం వేసినారు. వెన్ను నొప్పనుకున్నారట.

ఇక లాభంలేదని చదువు మొదలుపెట్టినాను. మాకది అలవాటే, చేతకానిదాన్ని చదువుతాం. చదివితే ఈ కాలరు గొడవ నా ఒక్కనిది కాదని తెలిసి ప్రాణం కుదుటపడింది. అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో హన్నా మాంటెగ్ అనే ఇల్లాలు, భర్త చొక్కాల్లో కాలరొక్కటే మాసిపోతాంటే మొత్తం చొక్కా ఉతకలేక, 1827లో కాలర్లు కత్తిరించి విడిగా ఉతికి మళ్ళీ తగిలించడం మొదలుపెట్టిందని చెప్తారు. తర్వాత ఆ ఊరు ఊరంతా కాలర్లు తయారుచేసి కాలర్ సిటీ అని పేరు తెచ్చుకుంది. ఆ కాలంలో కాలరు బిగుసుకోవాలంటే గంజే దిక్కు. గుడ్డ నేయకుండా నారలు పరిచి అతికించే పేపరు కాన్వాసు సంగతి ఇంకా తమాషా. జర్మనీలో వైన్‌హైమ్ ఊళ్ళో 1849లో తోళ్ళు పదునుచేసే పనితో మొదలైన ఫ్రాయిడెన్‌బర్గ్ కంపెనీ, 1930ల్లో కృత్రిమ తోలు కోసం తంటాలు పడుతూ దీని దారి కనిపెట్టింది. 1948లో వ్లీజెలీన్ పేరుతో అది టైలర్ల చేతికొచ్చింది.

ఇదంతా మా ఆమెకు రాత్రి భోజనాల దగ్గర వివరంగా చెప్పినాను. జర్మనీ సంగతికి ఊఁ కొట్టింది. అమెరికా సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది. "ఆమె కాలరు ఒక్కటే కత్తిరించిందా?" అని అడిగి, మజ్జిగ పోసింది.

పుస్తకాల్లో దొరకనిది నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి చెప్పింది. 2021 డిసెంబరులో పులివెందులలో ఆదిత్య బిర్లా వాళ్ళ బట్టల ఫ్యాక్టరీకి పునాదిరాయి పడినప్పటి నుంచి మా పక్క ఆడపిల్లల నోట ఫ్యూజింగ్, కటింగ్, ఫినిషింగ్ అనే మాటలు మామూలైపోయినాయి. ఈ అమ్మాయీ అట్లాంటి పనిలోనే ఉంది. పండక్కి ఊరొచ్చి మమ్మల్ని చూడ్డానికి వస్తే నా బుడగల కాలరు చూపించినాను.

"సార్, మూడు చూడాల. వేడి, టైము, బరువు," అనింది. "మా కాడ మిషను 150 డిగ్రీల పైన పెట్టి, ఓ పదిహేను సెకండ్లు గట్టిగా నొక్కుతాది. ఒగటి తగ్గినా ల్యాదు సార్, మిగిలిన రెండూ ఎంత పెంచినా అతకదు. మీరు రుద్దినారు గదా? రుద్దకూడదు. పెట్టాల, నొక్కాల, ఎత్తాల, పక్కన పెట్టాల. చల్లారిందాక కదిలియ్యకూడదు."

ఇంకా చెప్పింది. చొక్కా కాలరు కాన్వాసు మీద ఉండేది ఎక్కువగా పాలీఇథిలీన్ జిగురట, ఉతుకుడుకు ఓర్చుకుంటుంది. డ్రైక్లీనింగుకు వేసే కోట్లకు వేరే జిగురు, పాలీఅమైడ్. కాన్వాసు మామూలుగా బయటి గుడ్డ కన్నా బరువుండకూడదు. కుట్టు వచ్చే అంచుల్లో కాన్వాసును తగ్గించి కోయాల, లేకుంటే మూలలు తిప్పినప్పుడు ముద్దలు కడతాయి. ఏది కొన్నా ముందు ఒక చిన్న ముక్క అదే గుడ్డకు అతికించి, ఉతికి, ఆరేసి చూసుకోవాల. ఇవన్నీ తలూపుతూ రాసుకున్నాను. ఈ అమ్మాయికి పదో తరగతిలో లెక్కల్లో బొటాబొటి మార్కులు వేసింది నేనే. ఆ మాట నాకు గుర్తొచ్చింది, ఆమెకూ గుర్తొచ్చినట్లుంది, ఇద్దరమూ ఎత్తలేదు.

వేడికీ బరువుకూ మా ఊళ్ళో దారి దొరికింది. బొగ్గుల ఇస్త్రీ పెట్టె. దానికి ఓల్టేజీతో పనిలేదు, బరువు ఎట్లాగూ ఉంటుంది. ఇస్త్రీ చేసే ఆయన దగ్గరికి మంచి కాటన్ పేస్టింగ్, తెల్ల గుడ్డ తీసుకొని పోయి, తడి గుడ్డ పరిచి, పదిహేను అంకెలు పైకి లెక్కపెడుతూ నొక్కించినాను. ఒకటీ రెండూ అని గట్టిగా లెక్కపెడుతున్న నన్ను చూసి దారిన పొయ్యే పిల్లకాయలు ఆగి వాళ్ళూ మొదలుపెట్టినారు. అయినా కాలరు అతుక్కుంది. అట్లాంటిట్లా కాదు, ఎన్ని ఉతుకుళ్ళయినా ఊడలేదు.

ఇక్కడితో ఆపి ఉంటే ఇది చెప్పుకోదగ్గ కథే. ఒక కాలరు నిలబడేసరికి నేను కాన్వాసులో పండితుణ్ణైపోయినాను. బస్సులో పక్కనోని కాలరు వేళ్ళతో నొక్కి చూసి "ఇది పేపరు" అని తీర్పు చెప్పేవాణ్ణి. ఆ అంగడికే మళ్ళీ పోయి, తానులు తీయించి, నలిపి, వెలుతురుకు పట్టి, ఏదీ కొనకుండా వచ్చేవాణ్ణి.

ఆ సమయంలో మా బావమరిది కూతురి పెండ్లి కుదిరింది, జమ్మలమడుగులో. మా ఆమె మాధవరం పట్టుచీర తీసుకుంది. ఒంటిమిట్ట దగ్గర మాధవరం, అక్కడి నేతగాళ్ళ పట్టు మా జిల్లాలో అందరికీ తెలుసు. చీరతోపాటు వచ్చే రైక ముక్క ఒక్కటే ఉంటుంది, తేడా వస్తే ఇంకోటి దొరకదు. దాన్ని కోసి, వీపు ముక్క బల్ల మీద పరిచి, మెడ చుట్టూ వేసేదానికి ఉల్లిపొర మందం కాన్వాసు పక్కన పెట్టుకుంది. పట్టుకు పలచనిదే వేయాల, పెట్టె వేడి తగ్గించాల, పైన గుడ్డ అడ్డం పెట్టాల. జరీ ఉన్న చోట మరీ జాగ్రత్త. ఇవన్నీ ఆమెకు తెలుసు. అంతలో ఎవరో పిలిస్తే లేచి, "నేనొచ్చిందాకా ముట్టుకోవద్దు" అని నాకు ప్రత్యేకంగా చెప్పి బయటికి పోయింది.

ఆ పలచని ముక్క చూసి నాకు జాలేసింది. ఇంత ఖరీదైన రైకకు ఇంత నాసిరకమా? నా కాలరు కాన్వాసు మిగిలి ఉంది, నాణ్యమైంది, ఉతికి ఆరేసింది, పరీక్షకు నిలబడింది. మెడ కొలతకు కోసి పెట్టినాను. ఆ రోజు కరెంటు కూడా బ్రహ్మాండంగా ఉంది. పెట్టె కాటన్ గుర్తు మీద పెట్టి, అడ్డం గుడ్డ లేకుండా, ముక్క మీద ఆనించి గట్టిగా నొక్కి, ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టినాను. పన్నెండు దగ్గర వాసనొచ్చింది. పదిహేను పూర్తిచేసే ఎత్తినాను, ఎందుకంటే మధ్యలో ఎత్తకూడదని ఆ అమ్మాయి చెప్పింది.

వీపు మధ్యలో, మెడ కిందుగా, పెట్టె మొన ఆకారంలో గోధుమరంగు మచ్చ.

మా ఆమె వచ్చింది. చూసింది. అరుస్తుందని కాచుకున్నాను. అరవలేదు. టేపు తీసుకొని మచ్చ పొడవు, వెడల్పు కొలిచింది. నా కాలరు కాన్వాసును అంచు పట్టుకొని వేడిగా ఉండగానే మెల్లగా ఊడదీసింది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండు రాత్రులు మగ్గం పని చేసే అమ్మాయి పక్కన కూర్చొని, ఆ మచ్చ మీద మామిడిపిందె కుట్టించింది. పెట్టె మొన ఎట్లుందో పిందె అట్లనే, కింద వెడల్పు, పైన సన్నం, కొన కొంచెం పక్కకు వంచి. అంచంతా జరీ దారం, నడుమ పూసలు. మెడకు తన పలచని కాన్వాసే వేసుకుంది. జమ్మలమడుగు పెండ్లిలో ఆడవాళ్ళంతా మా ఆమె వెనకాలే నిలబడినారు. వీపు మీద ఒక్కటే పిందె, అదీ సరిగ్గా నడుమ కాకుండా కొద్దిగా పక్కకు, ఈ డిజైను యాడ కుట్టించినావక్కా అని. ఆమె నా వైపు చూసి, "ఇంట్లోనే," అనింది.

ఇప్పుడు ఆ పిందెకు మా ఇంట్లో గిరాకీ. మామూలు రైక మీద 300 ఎక్కువ తీసుకుంటాంది. ఆలోచన నాది, ఆకారం నా చేతి నుంచి వచ్చింది, కాబట్టి నా వాటా అడిగినాను. ఇస్తానంది. మాధవరం రైక ముక్క ఖరీదు, మగ్గం కూలి, రెండు చొక్కాల గుడ్డ, బక్రం, జ్వరం బిళ్ళలు, ప్రొద్దుటూరుకు బస్సు చార్జీలు తీసేసి మిగిలింది చెప్పమంది. బస్సు చార్జీలు ఇద్దరివీ ఎందుకు కలపాలని గొణిగితే, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద తనకు ఆర్టీసీ బస్సులో టికెట్టే లేదని, చార్జీలన్నీ నావేనని గుర్తుచేసింది. కాన్వాసు కొనే పని కూడా అందుకే ఇప్పుడు ఆమెదే.

లెక్కల సారును కదా, కాగితం పెన్ను తీసుకొని కూర్చున్నాను. కూడినాను, తీసివేసినాను, సరిచూసుకున్నాను. ఇంకా నేనే బాకీ. తీరేదాకా ఊరి రైకలన్నిటికీ హుక్కులు నేను కుట్టాల. ఇస్త్రీ పెట్టె మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసింది.